కొల్లము నుండి ఆలప్పుళకు నీటిదారిని

కేరళదేశమున కొల్లమునకును ఆలప్పుళకును నడుమ రోడ్డుదారి సుమారు 85 కిలోమీటర్లు. ఆలప్పుళ యనగా మనవారు అలెప్పీ యను పట్టణమే. బస్సెక్కినచో రెండు మూడు గంటలలో దిగవచ్చును. రైలు ఇంకను త్వరగా చేర్చును. అట్టిచోట ఎనిమిది గంటలు పట్టు పడవ నెక్కువారెవరమ్మా యని సోదరీమణులు అడుగవచ్చును. విహారమునకై వచ్చిన విదేశీయులు, తొందరపని లేనివారు ఎక్కుదురు. వారితోపాటు 2014వ సంవత్సరము జనవరి మాసమున మేము దంపతులమును ఎక్కితిమి.

మాది కోనసీమ. మావారు కొబ్బరిపీచు వ్యాపారమునకు సంబంధించిన యుద్యోగములో నుండుటచే ఆరేండ్లుగా ఆలప్పుళలో కాపురముంటిమి. ఆ వేసవితో వారి యుద్యోగము ముగియును. కొల్లమున స్నేహితుల యింట పెండ్లి చూచుకొని, తిరిగి యింటికి వచ్చుటకు నేను రైలు ప్రయాణమునకు సిద్ధపడుచుండగా, వారు పడవ టిక్కెట్లు తెచ్చి నా చేతిలో బెట్టిరి. "ఈ దారి నువ్వొక్కసారి చూసి తీరాలి" అనిరి. ఆ మాట వెనుక వేరొక సంగతి కలదని నాకప్పుడే తోచినది గాని, పెండ్లివారింట నలుగురిలో ఏమని యడుగుదును?

పడవ ప్రభుత్వ జలరవాణాశాఖ వారిది. రెండంతస్తులు. క్రింద నీడ, పైన గాలి. నడుపువానిని అక్కడివారు స్రాంకు అందురు. మన గోదావరి లాంచీల సరంగునకు ఈ మాట తోబుట్టువే. ఉదయము 10.30 గంటలకు కొల్లము రేవు విడిచినంతనే అష్టముడి కాయలు ఎదురైనది. కాయలనగా సముద్రమునకు ఆనుకొనియున్న ఉప్పుకయ్య. ఎనిమిది పాయలుగా విప్పారి యుండుటచే దీనికా పేరు గలిగినది. 2002లో దీనిని అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల పట్టికలో చేర్చిరి. నీటి యొడ్డున చీనావలలు వరుసగా నిలిచియుండెను. నాలుగు వెదుళ్ళకు పెద్ద వలను కట్టి, వెనుక రాళ్ళు వ్రేలాడదీసి, ఏతమువలె దించుచు నెత్తుచుందురు. మన పొలముల ఏతము నెఱిగినవారికి దీనిని వేరుగా వివరింప నక్కరలేదు.

ఆ నీటిలో నడుములోతున నిలిచి మనుష్యులు ఆల్చిప్పలవంటి గుల్లలను ఏరుచుండిరి. ఈ గుల్లలు విదేశములకు ఎగుమతియగును. అడుగంటకుండ పట్టుకొను పద్ధతి పాటించినందులకు 2014లోనే ఈ గుల్లల వేటకు అంతర్జాతీయ సంస్థయొక్క ధ్రువపత్రము లభించినది. మన దేశమున అట్టి పత్రము పొందిన మొదటి వేట ఇదియే. ఒడ్డున పెద్ద గుండిగలలో గుల్లలనుడికించి, మాంసమును వేరుచేయు పని మాత్రము ఆడువారిది. పొగ మా పడవ దాక వచ్చినది. ప్రక్కనున్న విదేశీయుడొకడు దానిని ఫొటో తీసికొనుచు మురిసిపోయెను. ఆ పొగలో కండ్లు నులుముకొనుచున్న స్త్రీ ఆ ఫొటోలో ఎట్లు పడినదో నేనెఱుగను.

కాయలు దాటునప్పుడు మావారు ఈ నీటిదారి చరిత్ర చెప్పిరి. కాలువలను త్రవ్వించిన రాజులు పెక్కండ్రుందురు గాని, ఇక్కడ ఒక రాణి పేరుగల కాలువ కలదు. తిరువాన్కూరు రాజ్యమును 1815 నుండి 1829 వరకు రాజప్రతినిధిగా పాలించిన గౌరీ పార్వతీబాయి కాలమున తిరువనంతపురము వైపు త్రవ్వబడినదే పార్వతీ పుత్తనారు. పుత్తనారనగా కొత్తయేరు. తెలుగున కూడ కృతులు రచించిన స్వాతితిరునాళ్ మహారాజునకు ఆమె పినతల్లి. అటుపిమ్మట ఆ శతాబ్దముననే వర్కల కొండను తొలిచి పడవలు పోవుటకు సొరంగములు చేసిరి. అప్పుడు తిరువనంతపురము నుండి ఉత్తరమునకు కాలువలు, కాయళ్ళు ఒకదానితో నొకటి కలిసి ఏకముగా సాగినవి. నేడు రాణిగారి కాలువ పూడి, మురికితో నిండి, గుర్రపుడెక్క క్రింద నణగియున్నది. 1993లో కొల్లము మొదలు కొట్టపురము వరకు 168 కిలోమీటర్ల నీటిదారిని జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. మేము పోవుచున్నది దానిలోని భాగమే.

కాయలు ముగిసి ఇరుకైన కాలువలో ప్రవేశించితిమి. రెండు ప్రక్కల ఇండ్లు చేతికందునంత చేరువ. ఇక్కడ నుండి నాకు కన్నులు చాలలేదు. ప్రతి యింటికి వీధివాకిలి నీటివైపుననే. రెండు మెట్లు, ఒక చిన్న దోనె, బట్టలుతుకు రాయి, ఆ రాతిపై గిన్నెలు. ఒకామె బిడ్డకు తలంటుచు, మా పడవ లేపిన అల వచ్చునని యెఱిగి, బిడ్డను పైమెట్టు మీదికి జరుపుకొని, అల పోయిన తరువాత మరల దించుకొనెను. అంతయు తలయెత్తి మావైపు చూడకుండగనే. దినమునకు ఎన్ని పడవలు పోవునో, ఎన్ని మార్లు ఆ బిడ్డ పైకెక్కి దిగునో!

చవర దాటిన తరువాత ఎడమవైపు నేల సన్నగిల్లినది. ఒక ప్రక్క కాలువ, ఆ ప్రక్కనే సముద్రము, నడుమ ఇండ్లు. ఈ ఇసుక నల్లగానుండును. ఇల్మనైటు, మోనజైటు మొదలగు ఖనిజము లిందు గలవు. ఇసుకను త్రవ్వుటవలన తమ యూరు కరగిపోవుచున్నదని అలప్పాడు గ్రామస్థులు చాలకాలముగా మొరపెట్టుచున్నారు. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చినపుడు ఈ అలప్పాడులోనే నూరుమందికి పైబడి మరణించిరి. ముందు సముద్రము తరుముచుండగా వెనుక కాలువ అడ్డుపడెను. పరుగెత్తుటకు చోటులేని వారి సంగతి చెప్పనేల? పడవపై నుండి చూచినచో కొబ్బరిచెట్ల వరుస, దాని సందులలో సముద్రపు తళుకు మాత్రమే కానవచ్చును. అది యెంత యందమైన చోటో చెప్పిన గాని నమ్మరు.

మధ్యాహ్నము ఒక రేవున భోజనమునకు ఆపిరి. అరటియాకులో ఎఱ్ఱబియ్యపు అన్నము, మజ్జిగపులుసువంటి మోరుకూర, కొబ్బరితో కలిపిన తోరన్. అక్కడ చేప లేనిదే భోజనము లేదు గాని, నేను పెండ్లివారిచ్చిన పులిహోర పొట్లము విప్పితిని. భోజనమైన పిమ్మట ముప్పావుగంట తీరిక చిక్కినది. మావారు స్రాంకుతో మాటలలో పడిరి. నేను వెనుకనున్న పెరటివైపు నడచితిని.

అక్కడ పీచు రాట్నము తిరుగుచుండెను. కొబ్బరిపీచు సంగతి నాకు కొత్తగాదు. అయినను మన కోనసీమలో నా చిన్నతనమున కొబ్బరిడొక్క చాలవరకు పొయ్యిలోనికే పోయెడిది. ఇక్కడ దానిని ఉప్పునీటిలో ఆరు మాసముల నుండి పది మాసముల వరకు ఊరవేయుదురు. ఆ కుళ్ళు వాసన భరింపరానిది. పిమ్మట స్త్రీలు కూర్చుండి కొయ్యలతో బాది పీచు దీయుదురు. ఒకరు రాట్నము త్రిప్పుచుండ ఇద్దరు నడుమునకు పీచుమోపు కట్టుకొని, వెనుకకు వెనుకకు నడచుచు తాడు పేనుదురు. తాడు పొడుగెంతయో అంతదూరము వెనుకకు నడక. మరల ముందుకు వచ్చి మరల వెనుకకు. ఆలప్పుళలో 1859లో జేమ్సు డారా యనునతడు మొదటి పీచు కర్మాగారమును స్థాపించినది మొదలు ఎన్ని దేశముల గుమ్మముల ముందటి పట్టాలు ఈ వెనుకనడక వలన పుట్టినవో! ఇప్పుడు యంత్రములు వచ్చినవి. పీచులో చాలభాగము తమిళదేశము నుండి దిగుమతియగుచున్నది. చేతి రాట్నముల యొద్ద మిగిలినవారు పెద్దవయసు స్త్రీలే.

రాట్నము త్రిప్పుచున్నామె నా యీడుది. నాకు వచ్చిన మలయాళము కూరలబేరమునకు సరిపడునంతయే. అయినను ఆడువారి మాటలకు భాష యొకటి అడ్డమా? "చేచ్చీ, మీ యిల్లు ఎంత చల్లగా నున్నది! ముందు నీరు, వెనుక నీరు" అంటిని.

ఆమె నవ్వి, చేయి ఆపకుండగనే చెప్పినది. ముందు నీరే, వెనుక నీరే. కడవలో పోసికొనుటకు మాత్రము లేదు. కాలువనీరు ఉప్పన. వేసవిలో బావియు ఉప్పనగును. గొట్టపునీరు దినము విడిచి దినము, అదియు తెల్లవారుజామున వచ్చును. కునుకుపట్టినచో ఆ దినమునకు లేదు. ఆసుపత్రి అవతలిగట్టు. రాత్రివేళ అవసరము గలిగినచో కడత్తువానిని, అనగా రేవుపడవవానిని, కేకవేసి లేపవలెను. గాలి ఎదురుగా వీచునప్పుడు కేక వినబడదు. "నా చిన్నకొడుకునకు ఇరువదితొమ్మిదేండ్లు. మూడు సంబంధములు వచ్చినవి. పిల్లవానిని చూచి సంతోషింతురు. కడవును చూచి వెళ్ళిపోవుదురు" అనెను. కడవనగా వారి భాషలో రేవు. ఒక్క పుట్టింటివారు గూడ తమ పిల్లను పడవ దిగవలసిన యింటికి ఇయ్యజాలరట.

"మరి నువ్వు వచ్చితివిగదా?" అని యడిగితిని.

"ఆ రోజులలో అందరికి పడవయే. రోడ్డు ఎవరికున్నది?" అనెను.

ఈ మాట నన్ను విడువలేదు. పడవ కదలిన తరువాత మావారు నా ప్రక్కకు వచ్చి కూర్చుండి, అసలు సంగతి బయటపెట్టిరి. ఆలప్పుళకు తూర్పున ఒక కాలువగట్టున చిన్న యిల్లు అమ్మకమునకున్నది. పెంకుటిల్లు, ముందు మామిడిచెట్టు, వాకిటిలో మెట్లు. వారు రెండుసార్లు పోయి చూచివచ్చిరి. బయానా యింక ఈయలేదు. ఉద్యోగము ముగిసిన తరువాత అమలాపురము పోయి అన్నదమ్ముల వాటాల నడుమ ఇరుకున నుండుటకంటె, ఇచ్చట నీటియొడ్డున సుఖముగా నుండవచ్చునని వారి యాలోచన. "ఎలా ఉందే ఈ దారి?" అని యడిగిరి. ఆ ప్రశ్నకు అందమే జవాబనుకొన్నారు పాపము.

నేను వెంటనే ఏమియు చెప్పలేదు. కాయంకుళము కాయలు వచ్చినది. నీరు వెడల్పై, మధ్యాహ్నపుటెండలో తెల్లగా మెఱయుచుండెను. నీటికాకులు గుంజలపై రెక్కలార్చుకొనుచుండెను. తరువాత త్రికున్నప్పుళ లాకు. ఇచటివారు దీనిని చీప్పు అందురు. దక్షిణపు ఉప్పునీరు కుట్టనాటి పొలములలోనికి ఎక్కకుండ ఇది కాపలా. తలుపులు తెఱచుకొనువరకు వేచియుండగా మావారు చిన్నపిల్లవానివలె అంచునకు పోయి నిలుచుండిరి. మా యూరి లాకులయొద్ద వారి బాల్యమంతయు గడచినది.

మనకును ఇట్టి దారి యుండెడిది గదా! కాకినాడ నుండి గోదావరి కాలువలు, ఏలూరు కాలువ, కృష్ణ దాటిన పిమ్మట కొమ్మమూరు కాలువ, పెదగంజాము నుండి బకింగ్‌హాము కాలువ, అట్లే చెన్నపట్టణము దాటి మరక్కాణము వరకు. 1806లో చెన్నపట్టణమున మొదలైన కాలువ, 1876-78 నాటి కరవులో కూలి చూపుటకై సాగింపబడి, అప్పటి గవర్నరు పేర బకింగ్‌హామైనది. ఒక్క బకింగ్‌హామే సుమారు 420 కిలోమీటర్లు. మా అత్తగారి తల్లి కాపురమునకు వచ్చినది పడవపైననే యని ఇంటిలో చెప్పుకొందురు. ఉప్పు, కట్టెలు, ధాన్యము, పెండ్లివారు అందరును ఆ దారినే. రైలు వచ్చెను, లారీ వచ్చెను, తుపానులు గట్లు తెంచెను, దారి పూడెను. 2008లో కాకినాడ, పుదుచ్చేరుల నడుమ దీనినే జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. కాగితముపై దారికి పేరు వచ్చినది. మా యూరి కాలువలో పడవ మాత్రము రాలేదు. కాలువనెవరును శత్రుత్వముతో చంపలేదు. ఆ గట్టునుండు ఇల్లాలికి పడవకంటె సులభమైనది దొరకిన దినమున అది చచ్చినది. అందుకు నేనామెను తప్పుపట్టజాలను. కడవుచూచి వెళ్ళిపోయిన ఆ మూడు సంబంధములవారిని గూడ.

పల్లన దగ్గరకు వచ్చునప్పటికి ఎండ వాలినది. 1924 జనవరి 16వ తేదీన ఈ నీటిలోనే రిడీమరను పడవ మునిగి, మలయాళ మహాకవి కుమారన్ ఆశాన్ మరణించెను. కులభేదమును ఖండించి కావ్యములు వ్రాసినవాడు, నారాయణగురువుగారి శిష్యుడు; వయస్సు ఏబది మాత్రమే. పడవలో మితిమించి జనము ఎక్కియుండిరట. ఒడ్డున ఆయన స్మారకమున్నది. ఆ చోటికి కుమారకోటి యని పేరు. స్రాంకు ఒక క్షణము చేయెత్తి నమస్కరించెను. విదేశీయులు సూర్యుని ఫొటోలు తీయుచుండిరి.

తోట్టప్పళ్ళి దాటిన తరువాత కుట్టనాడు. కొండలనుండి వచ్చు వరదను సముద్రములోనికి త్రోయుటకు 1955లో ఇక్కడ పెద్ద కలుజు కట్టిరి. ఇక్కడి పొలములు సముద్రమట్టమునకు ఒకటి రెండు మీటర్ల దిగువననుండును. కాలువ పైన, పొలము క్రింద. మనము పడవలో కూర్చుండి వరిచేలను క్రిందికి చూడవలెను. గట్టుకట్టి, నీరు తోడి, విత్తు చల్లుట ఇక్కడివారి వ్యవసాయము. ఐక్యరాజ్యసమితి ఆహారసంస్థ 2013లో దీనిని ప్రపంచ వ్యవసాయ వారసత్వములలో ఒకటిగా గుర్తించినది. రెండవ పంటకు ఉప్పునీరు తగులకుండ ఉత్తరమున తణ్ణీర్ముక్కమువద్ద 1970ల నడుమ పెద్ద ఆనకట్ట పూర్తిచేసిరి. పంట నిలిచినది గాని నీటికి కదలిక తగ్గినది. చేపలు తగ్గినవి, గుర్రపుడెక్క పెరిగినది. మా పడవ మరకు ఆ డెక్క చుట్టుకొని రెండుసార్లు ఆగవలసి వచ్చెను. కరుమాడి వద్ద నల్లరాతి బుద్ధవిగ్రహమొకటి గలదు. ఒక ప్రక్క విరిగిపోయినది. ఊరివారు దానిని ముద్దుగా కరుమాడికుట్టన్, అనగా కరుమాడి పిల్లవాడు, అందురు.

చీకటిపడుచుండగా పెద్ద పెద్ద ఇంటిపడవలు ఎదురువచ్చినవి. మేకులు లేక కొబ్బరితాడుతోనే పలకలు కుట్టిన కెట్టువళ్ళములు ఒకప్పుడు ధాన్యము మోసెడివి. నేడు వానికి గదులు, చల్లగాలి యంత్రములు. వాని వంటయింటి మురికి ఎటు పోవునో ఆ నీటిలో గిన్నెలు కడుగు స్త్రీలకు తెలియును.

అప్పుడు మావారితో నా మాట చెప్పితిని. "ఏమండీ, ఆ ఇల్లు నాకూ నచ్చుతుందేమో. కాని కొనేముందు ఒక వేసవి, ఒక వానాకాలం అక్కడే అద్దెకుందాం. నీళ్ళు ఎక్కడనుంచి వస్తాయో, ఒంట్లో బాగాలేకపోతే ఎవరిని కేకెయ్యాలో చూసి, ఆ తరువాత బయానా ఇవ్వండి." వారు చాలసేపు మౌనముగా నుండి, "సరే" అనిరి. రేవున దిగునప్పటికి సాయంకాలము ఆరున్నర దాటినది.

అట్లే చేసితిమి. ఏప్రిలు నుండి ఆగస్టు వరకు ఆ గట్టుననే యుంటిమి. ఏప్రిలు, మే మాసములలో తాగునీటి కొఱకు రోజు విడిచి రోజు దోనెలో బిందెలు తెచ్చుకొంటిమి. చేపలు, కొబ్బరికాయలు చవక. ఇరుగుపొరుగు స్త్రీల మంచితనము మఱవరానిది. సాయంకాలపు గాలికి వెల కట్టలేము. జూనులో నీరు మెట్లన్నియు ఎక్కి వాకిటిలోనికి వచ్చినది. పొయ్యిని రెండు వరుసల ఇటుకలపైకి ఎత్తితిని. బట్టలు ఆరవు, బియ్యము ముక్కిపోవును, ఎలుకలు చూరు చేరును. జూలైలో ఒక రాత్రి మావారికి జ్వరము తీవ్రమై వణకుచుండగా పొరుగింటి కుఱ్ఱలు ఇద్దరు వానలో దోనె తెచ్చి, రోడ్డు వరకు తీసికొనిపోయిరి. దీపము పట్టుకొని నేను ముందు కూర్చుంటిని. ముప్పావుగంట పట్టెను. స్వస్థత చిక్కిన పిమ్మట ఆ యిల్లు కొను మాట వారే ఎత్తలేదు; నేనును ఎత్తలేదు. సెప్టెంబరులో అమలాపురము చేరితిమి.

2018 ఆగస్టునాటి మహావరదలో కుట్టనాటి జనమును పడవలపై, ఇంటిపడవలపై ఆలప్పుళకును చంగనాశ్శేరికిని తరలించిరి. దోనె తెచ్చిన ఆ కుఱ్ఱల తల్లి శిబిరము నుండి ఫోను చేసి, మొదట తన సంగతి చెప్పక, "మీ మామిడిచెట్టు నిలిచేయున్నది" అని చెప్పెను. అంతవరకు దానిని ఆమె మాదనియే యనుకొనుచుండెనని నాకు తెలియదు. ఆమె చిన్నకొడుకునకు వివాహమైనది. కోడలు వైక్కమువైపు పిల్ల. వైక్కము రేవున 2017 నుండి 75 మంది పట్టు సూర్యశక్తి పడవ నడచుచున్నది. పొగలేదు, మ్రోతలేదు, సమయమునకు వచ్చును. ఆ పిల్లకు పడవ యన్న భయము లేదట.

కొల్లము-ఆలప్పుళ దారిని పోదలచిన సోదరీమణులు డిసెంబరు, జనవరులలో పోవుట మేలు. పడవ ఇప్పుడు నడచుచున్నదో లేదో ముందుగా రేవున విచారించుకొనవలెను. తాగునీరు ఇంటినుండియే తీసికొనిపోవలెను. పై అంతస్తు ఎండ పడమటివైపున హెచ్చు. తూర్పువైపు బల్లలపై కూర్చున్నచో ఇండ్ల మెట్లు చక్కగా కానవచ్చును.